సంక్రాంతికి అందరినీ మీ ఇంటికే పిలుస్తున్నారా? నెల్లూరులో కొత్త సంసారం పెద్ద పండగ చేసుకునే పద్ధతి

పెళ్ళయి రెండు మూడేళ్ళయింది. ఇద్దరికీ ఉద్యోగాలు, నెల్లూరులో రెండు బెడ్రూముల అద్దె ఇల్లు. ఇన్నాళ్ళూ భోగికి కనిగిరి పక్కన అత్తగారి ఊరు, కనుమకి కోవూరులో అమ్మ వాళ్ళ ఇల్లు అని బ్యాగులు సర్దుకుని తిరిగారు. ఈ ఏడాది "అందరూ మా ఇంటికే రండి" అనాలనిపించింది. తప్పకుండా అనండి. పద్నాలుగు పదిహేను మందికి నాలుగు రోజులు వండిపెట్టడం ఇద్దరు మనుషులు చేయగలిగిన పనే. దానికి ముందు నుంచీ చేసుకోవాల్సిన ఏర్పాట్లు వరసగా చెప్తాను.

ఒక్క మాట ముందే మనసులో పెట్టుకోండి. మీ ఇంటికి రెండు ఇళ్ళ ఆచారాలు వస్తున్నాయి. రెండిటినీ పూర్తిగా చేయబోతే మీరిద్దరూ పొయ్యి దగ్గరే ఉండిపోతారు. ఒక ఇంటి పద్ధతే చేస్తే రెండో వాళ్ళు చుట్టాల్లా కూర్చుంటారు. అందుకని ఆ ఇంటి నుంచి ఒకటి, ఈ ఇంటి నుంచి ఒకటి గట్టిగా పట్టుకోండి. మూడోది మీ ఇద్దరి సొంతం కావాలి. మిగతావి వీలును బట్టి చేసుకోవచ్చు.

పిలుపు: నవంబరులోనే

పెళ్ళయ్యాక వచ్చే మొదటి సంక్రాంతి మాత్రం అత్తగారింటిదే. కొత్త అల్లుడు రావాలని ఆ ఇంట్లో ఏడాదంతా ఎదురుచూస్తారు, ఆ ముచ్చట వాళ్ళకు దక్కనివ్వండి. మీ ఇంట్లో పండగ రెండో ఏడు నుంచి పెట్టుకోండి.

పిలిచేటప్పుడు అబ్బాయి అత్తమామల్ని పిలవాలి, అమ్మాయి తన అత్తమామల్ని పిలవాలి. ఎవరి అమ్మకు వాళ్ళు ఫోన్ చేసి "మీరు కూడా వస్తారు కదా" అంటే అది పిలుపు కిందికి రాదు. కోడలు స్వయంగా "అత్తమ్మా, ఈసారి భోగి పళ్ళు మీ చేత్తోనే పోయాలి" అంటే ఆవిడ ఆ రోజే ప్రయాణానికి సిద్ధమైపోతుంది. కావలి, ఆత్మకూరు, కందుకూరు లాంటి దగ్గర ఊళ్ళయితే ఒక ఆదివారం ఇద్దరూ వెళ్ళి బొట్టుపెట్టి పిలిచి రండి. రెండు వైపులా ఒకే వారంలో పిలవాలి. ఒకరికి ముందు తెలిసి, రెండో వాళ్ళకు ఆ కబురు ఇంకొకరి నోట తెలిసిందంటే పండగ దాకా ఆ మాట నడుస్తూనే ఉంటుంది.

హైదరాబాదు, బెంగళూరు నుంచి అన్నదమ్ములు, ఆడబిడ్డ కుటుంబాలు వచ్చేదుంటే రైలు టికెట్ల సంగతి వెంటనే చూడండి. రిజర్వేషన్ ఇప్పుడు ప్రయాణానికి 60 రోజుల ముందే తెరుస్తున్నారు, 2024 నవంబరుకు ముందు ఇది 120 రోజులు ఉండేది. భోగి జనవరి 13నో 14నో వస్తుంది కాబట్టి నవంబరు రెండో వారంలో పొద్దున్నే బుకింగుకి కూర్చోవాలి. తిరుగు టికెట్ కనుమ రోజుకి తీయనివ్వకండి. కనుమ నాడు కాకి కూడా కదలదంటారు, పెద్దవాళ్ళు ఆ రోజు పొలిమేర దాటరు. ముక్కనుమ నాడే తిరుగు ప్రయాణం. అంటే భోగి ముందు రాత్రి నుంచి లెక్కేసుకుంటే మీ ఇంట్లో నాలుగు రాత్రుల పడక.

ఇంకో సంగతి కూడా ఈ సమయంలోనే తేల్చుకోవాలి. సంక్రాంతి రోజు పోయిన పెద్దలకు బట్టలు పెట్టుకోవడం మన వైపు చాలా ఇళ్ళల్లో తప్పనిసరి. అది సాధారణంగా పెద్దకొడుకు ఇంట్లోనో, ఉమ్మడి ఇంట్లోనో జరుగుతుంది. మీ ఇంట్లో పెట్టుకోవచ్చా, లేక ఊళ్ళో ముగించుకుని వస్తారా అని మామగారినీ, మీ నాన్ననీ సూటిగా అడగండి. "ఈ ఏడు ఊళ్ళోనే పెడతాం, మధ్యాహ్నానికి వస్తాం" అన్నారనుకోండి, బలవంతం చేయకండి. ఆ రోజు భోజనం రెండున్నరకి జరుపుకుంటే సరిపోతుంది.

రెండు ఇళ్ళ పద్ధతులు ఒక నోట్‌బుక్‌లో

డిసెంబరు నడిమికి ధనుర్మాసం మొదలవుతుంది. ఆ వారంలో ఇద్దరు అమ్మలకూ వేరువేరు రోజుల్లో ఫోన్ చేసి, నాలుగు రోజుల్లో ఏ రోజు ఏం చేస్తారో, ఏది మానకూడదో అడిగి రాసుకోండి. రాస్తున్నారని వాళ్ళకు తెలియాలి. "ఆగమ్మా, రాసుకుంటున్నా" అన్న మాట వింటే మామూలుగా చెప్పనివి కూడా చెప్తారు. పొంగలి కుండకి పసుపు కొమ్మ ఎట్లా కట్టాలి, పోయిన తాతకి ఇష్టమని ఏం వండుతారు, ఏ రోజు నీచు ముట్టరు అన్నవన్నీ బయటికొస్తాయి.

తర్వాత ఇద్దరూ కూర్చుని ఎంచుకోండి. ఉదాహరణకి, కనిగిరి ఇంట్లో భోగి సాయంత్రం పిల్లలకు పళ్ళు పోసి, పేరంటాళ్ళకు నానబెట్టిన శనగలతో తాంబూలం ఇవ్వడం మానరు అనుకుందాం. అది ఆ ఇంటి నుంచి తీసుకోండి. కోవూరు ఇంట్లో సంక్రాంతి రోజు పెద్దలకు బట్టలు పెట్టడం ప్రాణం. అది ఈ ఇంటి నుంచి వస్తుంది. ఇక మీ సొంత ఆచారం. దీనికి నా సలహా ఒకటుంది: కనుమ నాడు అమ్మలిద్దరికీ వంటింట్లో సెలవు. ఆ రోజు వంటంతా మీ ఇద్దరిదీ, బావల్దీ, మరుదుల్దీ. ఇంట్లో ఏళ్ళ తరబడి పండగ పూట పొయ్యి ముందు నిలబడినవాళ్ళు ఒక్క రోజు కూర్చుని వేడివేడిగా వడ్డించుకుని తినడం చూడండి. తర్వాతి ఏడు వాళ్ళే ఆ రోజు గుర్తు చేస్తారు.

ఎంచుకున్నవి వాళ్ళు రాకముందే ఫోనులో చెప్పేయండి. "అత్తమ్మా, భోగి మీ పద్ధతిలో చేద్దాం. సంక్రాంతి మా అమ్మ వాళ్ళ పద్ధతిలో పెట్టుకుంటాం" అని తేటగా అంటే ఎవరూ నొచ్చుకోరు. నొప్పి కలిగేది వచ్చాక వంటింట్లో నిలబడి ఒకరి మాట మీద ఇంకొకరి మాట పడినప్పుడే.

పడక, నీళ్ళు, గ్యాసు

ఇది రుచిగా చెప్పుకునే విషయం కాదు కానీ పండగ నిలబడేది దీని మీదే. శామియానా షాపులో పరుపులు, దిండ్లు, పెద్ద గిన్నెలు, రెండు బర్నర్ల పెద్ద పొయ్యి అద్దెకిస్తారు. జనవరి మొదటి వారంలోనే అడ్వాన్సు ఇచ్చేయండి, పండగ వారంలో దొరకవు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకు మీ మంచం ఇచ్చి మీరిద్దరూ హాల్లో పడుకోండి. బాత్రూముకి దగ్గరగా ఉండే గది వాళ్ళదే. రెండో సిలిండరు నిండుగా ఉందో లేదో పది రోజుల ముందు చూసుకోండి. అపార్ట్‌మెంటయితే ఆ నాలుగు రోజులూ పొద్దున నాలుగున్నరకే మోటారు వేయమని వాచ్‌మన్‌కి చెప్పి ఉంచండి, భోగి రోజు అందరికీ తలంట్లు కదా. పెద్దవాళ్ళ బీపీ, షుగరు మాత్రలు ఐదు రోజులకు సరిపడా తెచ్చుకోమని బయల్దేరే ముందు రోజు గుర్తు చేయండి.

బట్టల విషయంలో ఒకటే సూత్రం. ఇద్దరు అమ్మలకూ ఒకే ధరలో, ఒకే రకం చీర. వెంకటగిరి నేత చీరలు రెండు, రంగులు వేరుగా తీసుకుంటే పోల్చి చూసుకోవడానికి ఏమీ ఉండదు.

అరిసెలు: పండగకి ముందు వచ్చే శని, ఆదివారాలు

జంతికలు, చెక్కలు, లడ్డూలు బయట కొనుక్కున్నా ఫరవాలేదు. వచ్చిన చుట్టాలకు పెట్టడానికి నెల్లూరు మలై కాజా ఎటూ ఉంది. అరిసెలు మాత్రం ఇంట్లోనే చేయండి. ఇద్దరు మనుషులు కలిసి తప్ప ఒక్కరే చేయలేని వంట అది. పాకంలో ఒకరు పిండి పోస్తుంటే ఇంకొకరు కలపాలి. పైగా పాకం వాసన మెట్ల మీద దాకా వస్తేనే ఆ ఇంటికి పండగ వచ్చినట్టు.

ముందు బియ్యం. అరిసెలకు కొత్త బియ్యం కావాలి. మన నెల్లూరు మాగాణుల్లో పెద్ద పంట కోతకొచ్చేది సంక్రాంతి దాటాకే, పండగ నాటికి చేలు ఇంకా పచ్చగానే ఉంటాయి. కాబట్టి స్టోన్‌హౌస్‌పేటలో బియ్యం కొట్టుకి వెళ్ళి ఎడగారు పంట బియ్యం ఉన్నాయా అని అడగండి. సెప్టెంబరులో కోసిన ధాన్యం కాబట్టి మూడు నాలుగు నెలల బియ్యమన్నమాట, అరిసెకి బాగా సరిపోతాయి. రోజూ అన్నానికి వాడే ఏడాది పాత బియ్యంతో చేస్తే అరిసె బిరుసెక్కుతుంది. అదే కొట్లో భోజనాలకు పాత బియ్యం కూడా వేరుగా తీసుకోండి. కొత్త బియ్యం అన్నం ముద్దయిపోయి వడ్డనలో బాగుండదు. పద్నాలుగు మందికి పూటకి కిలోన్నర లెక్క.

శుక్రవారం రాత్రి కిలో బియ్యం కడిగి నానబెట్టండి. ఇరవై నాలుగు గంటలు నానాలి, మధ్యలో రెండుసార్లు నీళ్ళు మార్చకపోతే పులుపు వాసన పడుతుంది. శనివారం రాత్రి నీళ్ళు వంచి, పలచటి బట్ట మీద పదిహేను ఇరవై నిమిషాలు ఆరబెట్టండి. గింజ చేతికి చెమ్మగా తగలాలి, నీళ్ళు మాత్రం కారకూడదు. పండగ రోజుల్లో పిండి మిల్లుల్లో తడి పిండి వేరుగా ఆడతారు, తెరిచి ఉంటే అక్కడికే తీసుకెళ్ళండి. కిలో అయితే మిక్సీలో కొద్దికొద్దిగా పట్టి జల్లించుకున్నా అవుతుంది. పిండిని గుప్పిట్లో పట్టి నొక్కితే ఉండలా నిలవాలి. జల్లించిన పిండిని వెంటనే గిన్నెలో అదిమి, తడి బట్ట కప్పేయండి. పిండి ఆరిందంటే అరిసె చెడినట్టే.

ఇక పాకం. కిలో బియ్యానికి ముప్పావు కిలో బెల్లం. బెల్లం తరిగి, గ్లాసు నీళ్ళు పోసి కరగనిచ్చి, ఇసక లేకుండా వడకట్టి మళ్ళీ పొయ్యి మీద పెట్టండి. పక్కన పళ్ళెంలో చల్లటి నీళ్ళు పెట్టుకోండి. పాకం బుడగలు పెద్దవై నెమ్మదించినప్పుడు ఒక చుక్క నీళ్ళలో వేసి వేళ్ళతో దగ్గరికి తీయండి. మొదట నీళ్ళలో కలిసిపోతుంది. కాసేపటికి జిగురుగా సాగుతుంది. ఇంకో నిమిషానికి మెత్తటి ఉండ అయి, పళ్ళెం వంచితే కదులుతుంది. మెత్తటి అరిసెకి అదే పాకం. ఆ ఉండ గట్టిపడి పళ్ళానికి తగిలి టక్‌మనే దాకా ఆగితే అరిసె కరకరలాడుతుంది. పళ్ళు కదిలే పెద్దవాళ్ళున్న ఇంట్లో మెత్తటిదే మేలు.

దించే ముందు రెండు గరిటెల నెయ్యి, యాలకుల పొడి, గుప్పెడు నువ్వులు వేయండి. గిన్నె కింద దించి, తడి గుడ్డ మీద కదలకుండా పెట్టి, ఒకరు పిండి చేత్తో రాలుస్తుంటే ఇంకొకరు కలపాలి. ఉదయగిరి చెక్క గరిటె పెద్దది ఉంటే దానితో చేయి కాలదు. కలిపేది అబ్బాయైతే మంచిది, చివరికి చలిమిడి బాగా బరువెక్కుతుంది. పిండంతా పోయాలని నియమమేం లేదు. గరిటె ఎత్తితే చలిమిడి ముద్దగా, నెమ్మదిగా జారే దశలో ఆపేయండి. పైన ఒక చెంచా నెయ్యి రాసి మూత పెట్టండి.

నూనె కాగాక ముందు ఒక్క అరిసె వేసి చూడండి. నూనెలో విడిపోతే పిండి తగ్గిందని, మిగిలిన పిండి ఇంకాస్త కలపండి. అంచులు పగిలి గట్టిగా వస్తే పాకం ముదిరిందని, కాసిన్ని పాలు చిలకరించి మెదపండి. అప్పుడు మాత్రం ఆ అరిసెలు ముందు తినేయాలి, పాలు తగిలినవి నిలవ ఉండవు. మంట మధ్యస్థంగా పెట్టి, రెండు వైపులా ఎర్రగా వేగాక తీసి అరిసెల చెక్కల మధ్య నొక్కి నూనె పిండేయండి. చెక్కలు లేకపోతే చిల్లుల గరిటెలు రెండు చాలు. వేడి మీద ఒకదాని మీద ఒకటి పేర్చితే అతుక్కుపోతాయి. బట్ట మీద విడివిడిగా పరిచి, పూర్తిగా ఆరాక స్టీలు డబ్బాలో పెట్టండి. కిలోకి చిన్నవైతే నలభై పైనే వస్తాయి. తిరిగి వెళ్ళే ప్రతి కుటుంబానికీ ఆరేసి చొప్పున ముందే తీసి పక్కన దాచండి.

భోగి

రెండు రోజుల ముందు రాత్రే చెరకు, పసుపు కొమ్మలు, రేగి పళ్ళు, గుమ్మడికాయ, కంద, చేమదుంపలు తెచ్చేసుకోండి. భోగి ముందు రోజు సాయంత్రం పూల దగ్గర, చెరకు దగ్గర నిలబడటానికి చోటుండదు.

మంట తెల్లారకముందే. అపార్ట్‌మెంటు కారు షెడ్డులో వద్దు, వీధిలో నలుగురూ వేసే మంటలోనే మీ పిడకల దండ, నాలుగు కట్టెలు వేయండి. టైర్లు, ప్లాస్టిక్ కుర్చీలు వేసేవాళ్ళుంటే మర్యాదగా ఆపండి. ఆ పొగ పసిపిల్లలూ, ఉబ్బసం ఉన్న పెద్దవాళ్ళూ పీలుస్తారు. మంట దగ్గర కాచిన నీళ్ళు ఒక బిందె తెచ్చి తలంటు నీళ్ళలో కలపడం కొన్ని ఇళ్ళల్లో ఉంది, అమ్మల్ని అడగండి.

గుమ్మం ముందు ముగ్గు పిల్లలకు వదిలేయండి. చుక్కలు మాత్రం నాయనమ్మ పెట్టిస్తుంది. పేడ పాలవాళ్ళను ముందు రోజే అడిగితే తెచ్చిస్తారు. అపార్ట్‌మెంటులో గొబ్బెమ్మల్ని నేల మీద పెట్టే వీలు లేకపోతే అరిటాకు పరిచిన పీట మీద పెట్టి, గుమ్మడిపూలో బంతిపూలో గుచ్చండి. హరిదాసు, గంగిరెద్దుల వాళ్ళు వస్తారు కాబట్టి ఒక గిన్నెలో బియ్యం, చిల్లర గుమ్మం పక్కనే ఉంచుకోండి. ఆ సమయానికి ఇల్లంతా వెతుక్కుంటూ వాళ్ళను నిలబెట్టడం బాగుండదు.

సాయంత్రం భోగి పళ్ళు. రేగి పళ్ళు కడిగి ఆరబెట్టి, బంతి రేకులు, చిన్న చెరకు ముక్కలు, నానబెట్టిన శనగలు, చిల్లర నాణేలు కలపండి. పాపాయినో బాబునో కొత్త బట్టలు కట్టి తూర్పు ముఖంగా పీట మీద కూర్చోబెట్టాలి. గుప్పిళ్ళతో తీసుకుని మూడుసార్లు తల చుట్టూ తిప్పి నెత్తి మీద పోయాలి. ముందు ఎవరు పోయాలన్నదగ్గర ఇద్దరు అవ్వలూ "మీరు కానీయండి, మీరు కానీయండి" అనుకుంటారు. ఇద్దర్నీ రెండు వైపులా కూర్చోబెట్టి ఒకేసారి పోయించండి. పోసిన పళ్ళు దిష్టి తీసినవి కాబట్టి చాలా ఇళ్ళల్లో తినరు. రెండేళ్ళలోపు బిడ్డయితే హారతి ఇచ్చిన వెంటనే ఒడిలోంచి నాణేలు, పళ్ళు ఏరేయండి, చూస్తుండగానే నోట్లో పెట్టుకుంటారు. పేరంటానికి పక్క ఫ్లాట్లవాళ్ళను కూడా పిలవండి. ఆకు, వక్క, అరటిపండు, పసుపు కుంకుమ, దోసెడు శనగలు. కిలో శనగలు ముందు రాత్రి నానేస్తే పేరంటానికీ, మర్నాడు తాళింపుకీ సరిపోతాయి.

సంక్రాంతి

పొంగలి బాల్కనీలోనో, మేడ మీదో పెట్టుకోండి. కుండ మెడకు పసుపు కొమ్మ కట్టి పాలు పొంగనివ్వాలి. పావు కిలో కొత్త బియ్యానికి వంద గ్రాముల పెసరపప్పు, అర లీటరు పాలు, సరిపడా నీళ్ళు, నాలుగు వందల గ్రాముల దాకా బెల్లం. బియ్యం పూర్తిగా మెత్తబడ్డాకే బెల్లం వేయండి. బెల్లం పడ్డాక గింజ ఇక ఉడకదు.

పెద్దలకు పెట్టుకునే చోట రెండు కుటుంబాల తాతలవీ, అవ్వలవీ ఫోటోలు పక్కపక్కన పెట్టండి. ఇది ఒక్క ఇంటి ఆచారమే అయినా రెండో ఇంటి పెద్దలకూ అక్కడ చోటు ఉండాలని నేను గట్టిగా అంటాను. ఇంట్లో పెద్దాయన అనుమతి మాత్రం ముందే తీసుకోండి. పసుపు అంచు పెట్టిన కొత్త పంచె, చీర, వాటి ముందు ఆకులో వడ, పాయసం, వాళ్ళు బతికుండగా ఇష్టంగా తిన్నదేదైనా ఒకటి. తాతకు చుట్ట ఇష్టమైతే చుట్ట పెట్టే ఇళ్ళున్నాయి. పిల్లల్ని అక్కడే కూర్చోబెట్టి ఫోటోలో ఉన్నది ఎవరో పెద్దవాళ్ళ చేత చెప్పించండి. మీకే తెలియని సంగతులు వింటారు.

భోజనానికి పులిహోర, గారెలు, పప్పు, చిక్కుడుకాయ కూర, గుమ్మడికాయ, దుంపలు వేసి కలగూర పులుసు, పాయసం, పెరుగు. నిండు గుమ్మడికాయ ఆడవాళ్ళు కొట్టరు, మొదటి దెబ్బ అబ్బాయిది. పులిహోర పూర్తిగా అత్తగారికో అమ్మకో అప్పగించండి. "మీ చేతి పులిహోర తినాలని ఉంది" అని అప్పగిస్తే ఆవిడ దాని మీదే ఉంటుంది, మిగతా వంట మీ పద్ధతిలో సాగుతుంది. కూర్చుని చేసే పనులు, అంటే చిక్కుళ్ళు ఈనెలు తీయడం, కొబ్బరి తురమడం, ఆకులు తుడవడం మామగార్లకు. అబ్బాయి పని "సాయం చేస్తాను" అన్నట్టు ఉండకూడదు. వడ్డన, గిన్నెలు, నీళ్ళు అని పేరు పెట్టి ఫ్రిజ్ మీద రాసి అంటించండి. చూసిన బావలూ, మరుదులూ వాళ్ళంతట వాళ్ళే అందుకుంటారు.

కనుమ: చేపల పులుసు రోజు

పొద్దున పిల్లల్ని తీసుకుని పశువులున్న చుట్టాల ఇంటికి ఒక గంట వెళ్ళి రండి. కొమ్ములకు రంగులు, మెడలో గంటలు, నొసట బొట్టు. బ్రెజిల్ దేశంలో మందలు మందలుగా ఉన్న నెలోరె పశువులు మన ఒంగోలు జాతి సంతతే అని తాతల చేత అక్కడే చెప్పించండి.

కనుమకి మినుము తినాలి కాబట్టి మధ్యాహ్నం గారెలు, నాటుకోడి పులుసు. పద్నాలుగు మందికి ముప్పావు కిలో మినపప్పు. రాత్రికి మేడ మీద దోసెలు, చేపల పులుసు. చేపల పులుసు మర్నాటికే ఎక్కువ రుచి అని నెల్లూరులో అందరికీ తెలుసు. కానీ సంక్రాంతి రోజు నీచు ముట్టని ఇల్లయితే ముందు రాత్రి వండలేం. అందుకని కనుమ పన్నెండు గంటలకల్లా వండి దించేయండి, రాత్రి ఎనిమిదికి పులుపు ముక్కకు బాగా పడుతుంది. ఇంకో గిన్నెడు ముక్కనుమ పొద్దున దోసెలకు దాచండి. దానికోసం దెబ్బలాట జరుగుతుంది.

కొరమీను గానీ, శీలావతి గానీ, సముద్రపు చేప కావాలంటే వంజరం, పండుగప్ప గానీ మూడు కిలోలు. చేపలవాళ్ళకు రెండు రోజుల ముందే చెప్పి ఉంచండి. ఆ రోజు ఊరంతా అదే కొంటుంది. ముక్కలు రాళ్ళ ఉప్పు, పసుపు వేసి రుద్ది మూడు నీళ్ళు కడగాలి. మూడు కిలోలూ ఒకే దాకలో వేయకండి. ముక్క మీద ముక్క పడితే అడుగువి చిదిరిపోతాయి. వెడల్పాటి మట్టి దాకలు రెండు పెట్టుకోండి.

కిలో చేపకి లెక్క చెప్తాను. పెద్ద నిమ్మకాయంత చింతపండు ఉండలు రెండు నానబెట్టి చిక్కగా పిసకండి. ధనియాలు రెండు పెద్ద చెంచాలు, జీలకర్ర చిన్న చెంచాడు, మెంతులు, ఆవాలు అరచెంచా చొప్పున వేయించి పొడి కొట్టండి. మెంతులు మాడితే పులుసంతా చేదే, రంగు మారగానే దించేయండి. దాకలో నూనె ధారాళంగా పోసి ఆవాలు, కరివేపాకు, సన్నగా తరిగిన రెండు ఉల్లిపాయలు, చీల్చిన ఆరు పచ్చిమిరపకాయలు వేయించండి. మూడు టమాటాలు మెత్తబడ్డాక మూడు చెంచాల కారం, ఉప్పు, చింతపండు పులుసు పోసి పదిహేను నిమిషాలు మరగనివ్వండి. పచ్చివాసన పోయి, నూనె అంచుల్లో తేలాక ముక్కలు ఒక్కొక్కటిగా దింపండి. ఇక్కణ్ణుంచి గరిటె ముట్టకండి. గుడ్డతో దాక రెండు అంచులూ పట్టుకుని మెల్లగా తిప్పాలి, పులుసు ముక్కల మీదుగా తిరిగి రావాలి. ఆరు నిమిషాలు ఉడికాక మామిడికాయ దొరికితే నాలుగు ముక్కలు, వేయించిన పొడి వేసి ఇంకో ఐదు నిమిషాలు ఉంచి దించేయండి. మామిడికాయ వేస్తే చింతపండు కాస్త తగ్గించండి. రెండో దాకకి కూడా పులుపు లెక్కగా పోయకుండా నాలిక మీద చూసుకుని పోయండి, ఒక్కో చింతపండు ఒక్కో పులుపు.

ఆ రోజు అమ్మలు వంటింటి గడప దగ్గరికి వచ్చి "ఉప్పు చూశారా" అంటారు. ఒక చెంచాలో పులుసు తెచ్చి వాళ్ళ చేతిలో పెట్టండి, రుచి చూసి చెప్పే హక్కు ఎప్పుడూ వాళ్ళదే. లోపలికి మాత్రం రానివ్వకండి.

పండగ ముగింపులో పెన్నా ఒడ్డున గొబ్బెమ్మల్ని నీళ్ళలో కలిపే ఏటి పండగ నెల్లూరు వాళ్ళకే ప్రత్యేకం. బయటి ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళకు తప్పకుండా చూపించండి. జనం బాగా ఉంటారు కాబట్టి పిల్లల చొక్కా జేబులో మీ ఫోన్ నంబరు రాసిన చీటీ పెట్టండి, నీళ్ళ దగ్గర ఒక్కో బిడ్డకు ఒక్కో పెద్దమనిషిని ముందే అప్పగించండి.

ముక్కనుమ

వాకిట్లో రథం ముగ్గు వేయించండి. దోసెలు, దాచిన పులుసు అయ్యాక ప్రయాణాలు. దాచిపెట్టిన అరిసెలు, నాలుగు చెరకు ముక్కలు, పసుపు కుంకుమ, రవిక గుడ్డ ఒక్కో కుటుంబానికి ఒక్కో సంచి. రైలు ఎక్కేవాళ్ళకు పెరుగన్నం, నిమ్మకాయ పచ్చడి కట్టివ్వండి, పులిహోర ఇప్పటికే రెండుసార్లు తిని ఉంటారు.

ఎండబెట్టిన గొబ్బెమ్మల పిడకలుంటే పారేయకండి, రథసప్తమికి పరమాన్నం వాటి మీదే.

ఇల్లు ఖాళీ అయ్యాక ఆ నోట్‌బుక్ తీసి బియ్యం ఎన్ని కిలోలు అయ్యాయి, ఏది మిగిలింది, ఏది చాల్లేదు, వచ్చే ఏడు ఎవరి ఆచారం ఏ రోజు పెట్టుకోవాలి అన్నది మర్చిపోకముందే రాసుకోండి. పరుపులు, దిండ్లు, గిన్నెలు లెక్క చూసుకుని ఆ సాయంత్రమే శామియానా షాపుకి పంపేయండి. మర్నాటికి వదిలితే ఇంకో రోజు అద్దె పడుతుంది.